పన్నెండో పెట్టె

సింగపూర్‌లో లెటర్‌బాక్సింగ్ ఆడేవాళ్ళు అప్పటికి మొత్తం ఏడుగురు. ఊరంతా కలిపి వాళ్ళు దాచిన పెట్టెలు పన్నెండు. ఆ పన్నెండోది కృష్ణప్రసాద్‌ది. దాచిన పెట్టెను తొంభై రోజుల్లోగా ఎవరో ఒకరు కనిపెట్టకపోతే తీసెయ్యాలని వాళ్ళ నియమం. ఎనభై ఆరు రోజులు గడిచిపోయాయి. ఆ పెట్టె మూత తెరిచిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఆట పేరు విని పోస్టాఫీసు, ఉత్తరాలు అనుకునేరు. ఉత్తరం ముక్క కూడా ఉండదు. ఒక చిన్న పెట్టె, అందులో తెల్ల కాయితాల పుస్తకం, చేత్తో చెక్కిన రబ్బరు ముద్ర. దాన్ని ఏ పార్కులోనో, ఏ చెట్టు వేళ్ళ సందునో దాచి, ఫలానా వంతెన దాటి ఇన్ని అడుగులు వెయ్యి, ఫలానా వైపు తిరుగు అని ఆనవాళ్ళు రాసి వదుల్తారు. వెతికి పట్టుకున్నవాడు పెట్టెలోని ముద్ర తన పుస్తకంలో వేసుకుంటాడు. తన సొంత ముద్ర పెట్టెలోని పుస్తకంలో వేస్తాడు. మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసి తన దారిన తను పోతాడు. అంతే. బహుమతుల్లేవు, చప్పట్లు లేవు. పనిలేనివాళ్ళ పని అంటారా, అనండి. పనిలేనివాడి కథే ఇది.

కృష్ణప్రసాద్‌కి యాభై రెండేళ్ళు. ఇరవై రెండేళ్ళు ఒకే బ్యాంకులో కంప్యూటర్ల ముందు కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం మీటింగుకి పిలిచి, సాయంత్రానికల్లా మెడలోని ఆఫీసు కార్డు తీసేసుకున్నారు. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో నూట నలభై చోట్ల అప్లికేషన్ పెట్టాడు. కాదంటే కాదన్నారని ఏడ్చేవాడు. చాలామంది కాదని కూడా అనలేదు. ఇంట్లో ఉండలేక వంటింట్లోకి వెళ్ళి కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టి, పప్పుకి నాలుగెందుకు, మూడు చాలవా అని భార్యకు సలహాలు ఇచ్చేవాడు. వసుంధర ఓపిక పట్టినన్నాళ్ళు పట్టింది. చివరికి ఒక ఆదివారం పొద్దున చేతిలో గొడుగు పెట్టి, సాయంత్రం దాకా ఇంటి మొహం చూడొద్దని బయటికి తోలింది.

అలా తోలితే వెళ్ళి పడింది ఊరికి ఆ చివర హౌగాంగ్‌లో, ఈ ఆటని ఆ ఊరికి తెచ్చిన సుధామణి ముందు. సుధామణి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళ ముత్తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ తెలుగులో సగం తమిళం, పావు మలయ్. ఇంగ్లండులో చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి బీళ్ళలో జనం రాళ్ళ సందుల్లో చేతులు పెట్టి పెట్టెలు వెతుక్కోవడం చూసిందట, తిరిగొచ్చి ఇక్కడా మొదలుపెట్టింది. బీళ్ళు లేని ఊళ్ళో ఎలాగమ్మా అని ఎవరో అడిగితే, పార్కులున్నాయి, కాళ్ళున్నాయి, ఇంకేం కావాలంది. ఆదివారాలు తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కాఫీ కప్పులు పక్కకు జరిపి పుస్తకాలు తెరిచి ఎవరి ముద్రలు వాళ్ళు చూపించుకునేవాళ్ళు. చుట్టుపక్కల టేబుళ్ళవాళ్ళు వీళ్ళేదో అంటగట్టడానికి వచ్చిన బాపతని కుర్చీలు దూరం జరుపుకునేవాళ్ళు.

కృష్ణప్రసాద్ ఆ టేబుల్ దగ్గర కూర్చుని ఒక పుస్తకం తిరగేశాడు. ఎవరో ఒకాయన దాచిన పెట్టెలోది, చూపించడానికి తెచ్చాడట. పేజీకొక ముద్ర. ఒకటి తాబేలు, ఒకటి సైకిలు, ఒకటి వంకర టింకర చంద్రుడు. ప్రతి ముద్ర కింద తేదీ. వచ్చాను, చూశాను, వెళ్ళాను అని ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పిన కబురు. నూట నలభై అప్లికేషన్లకు రాని జవాబు ఇక్కడ పేజీకొకటి ఉంది. తను చేసిన వస్తువు ఒక్కటి ఈ ఊళ్ళో ఒక్క మనిషి తెరిచి చూడాలి, చూశానని ఒక గుర్తు పెట్టాలి. ఆ క్షణం నుంచి అతనికి కావలసింది అదొక్కటే అయిపోయింది.

ఇక చూడండి, ఊరికి ఈ చివర యూ టీ పేటలో వాళ్ళ నాలుగ్గదుల ఫ్లాట్ కాస్తా కార్ఖానా అయిపోయింది. భోజనాల బల్ల నిండా రబ్బరు పొట్టు. ఇంటి వెనక కాలవలో తెల్లవారుజామున ఈదే నీటికుక్కను చెక్కాలని పట్టుబట్టాడు. మొదటిది ఎలకలా వచ్చింది. రెండోదాన్ని చూసి కూతురు దీక్షిత బంగాళాదుంపా అని అడిగింది. ఐదు రబ్బర్లు నాశనమయ్యాక ఆరోదాంట్లో నీటికుక్క తల ఎత్తి చూసింది. మీసాలతో సహా. ఆ రాత్రి అన్నం తింటూ కూడా దాన్ని పక్కనే పెట్టుకున్నాడు. నాలుగు వైపులా క్లిప్పులుండే తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఎంచి, అందులో పుస్తకం, ముద్ర, మొదటిసారి ఆడేవాళ్ళ దగ్గర సిరా ఉండదేమోనని ఒక ఆకుపచ్చ ఇంకు ప్యాడ్ పెట్టాడు. కాలవ గట్టు వెంట నడక దారిలో, పాదచారుల వంతెన దాటాక డెబ్భై అడుగుల దూరంలో ఉన్న నిద్రగన్నేరు చెట్టు మొదట్లో, రెండు వేళ్ళ మధ్య తొర్రలో దాచి, పైన ఎండుటాకులు కప్పి వచ్చాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు. దాచినవాడు పెట్టె చుట్టూ తచ్చాడకూడదని సుధామణి ముందే చెప్పింది. కనిపెట్టినవాళ్ళు గ్రూపులో ఒక ముక్క రాస్తారు, అంతవరకూ ఓపిక పట్టాలి. ఫోను టింగుమన్నప్పుడల్లా కృష్ణప్రసాద్ తుళ్ళిపడేవాడు. చూస్తే వసుంధర వాళ్ళ అక్క పంపిన శుభోదయం. కళ్ళు కాయలు కాచాయనుకోండి. ముప్ఫయ్యో రోజున ఇక ఆగలేక వాకింగ్ నెపంతో వెళ్ళాడు. వంతెన మీంచి చూస్తే చెట్టు మొదట్లో అగరొత్తుల పొగ. ఒక బంతిపూల దండ. ఎదురుగా తెల్ల జుట్టు ముసలావిడ ఎవరో కూర్చుని ఉంది.

అతనికి ఒళ్ళు మండింది. ఊళ్ళో ఇన్ని లక్షల చెట్లుండగా వీళ్ళకి నా చెట్టే దొరికిందా అనుకున్నాడు. చెట్ల కింద సామి వెలవడం ఈ ఊళ్ళో కొత్తేమీ కాదు. ఎవరో ఒకరు ఒక బొమ్మ పెడతారు, ఇంకెవరో అగరొత్తి గుచ్చుతారు, ఇంకెవరో పళ్ళు పెడతారు. ఆవిడ ముందే వెళ్ళి తొర్రలో చెయ్యి పెట్టి వెతికితే ఏమనుకుంటుందోనని అట్నుంచి అటే తిరిగొచ్చేశాడు.

అరవై రోజులు దాటాక గ్రూపులో క్వెక్ అనే పెద్దాయన రాశాడు. ఆనవాళ్ళ ప్రకారం వెళ్ళాననీ, కానీ అక్కడ మీవాళ్ళ పూజాస్థలం ఉందనీ, అందులో వేలు పెట్టడం మర్యాద కాదు గనక రెండు కమలాపళ్ళు సమర్పించి వచ్చేశాననీ. తర్వాత ఆ ఏడుగురిలోనే ఒకడైన చంద్రశేఖర్ వెళ్ళాడు. ఓడరేవులో పని చేసి, అలసిపోయి కూడా బస్సు మారి వచ్చిన మనిషి. అతనూ దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు. టిష్యూ ప్యాకెట్ పెట్టి ఇది నాదని చోప్ చేస్తేనే ఆ కుర్చీ జోలికి పోని జనం, పూలదండ వేసిన చోట చెయ్యి పెడతారా. కృష్ణప్రసాద్ మింగలేక కక్కలేక ఉండిపోయాడు.

ఎనభై ఆరో రోజు సాయంత్రం దీక్షిత పరుగుకి వెళ్ళి వచ్చింది. చెమట తుడుచుకుంటూ ఫోను తండ్రి మొహం ముందు పెట్టింది. చెట్టు మొదట్లో ఇటుకలు పేర్చి ఉన్నాయి. దండ, దీపం కుంది, కమలాపళ్ళు, చిన్న గ్లాసులో పాలు. వీటన్నిటి మధ్య, వానకి ఆకులు కొట్టుకుపోయి, తొర్రలోంచి ఎదురుగా కనిపిస్తున్న తెల్ల డబ్బా మూత. మూత నడుమ వేలితో దిద్దిన పసుపు, దాని మీద నూనెతో కలిపి పెట్టిన కుంకుమ బొట్టు.

"పా, దే ఆర్ ప్రేయింగ్ టు యువర్ బాక్స్ లా," అంది ఆ ఊరి ఇంగ్లీషులో.

కృష్ణప్రసాద్ ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేశాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు. వసుంధర తొణకలేదు, బెణకలేదు. బొట్టు తనే పెట్టానంది. కొత్త వస్తువు, మొదటిసారి గడప దాటుతోంది, బొట్టు లేకుండా ఎలా పంపుతానంది. పైగా దొంగచాటుగా పెట్టలేదు, దేవుడి గూటి దగ్గర పెట్టి మీ చేతికే ఇచ్చాను, మీరే సంచీలో పెట్టుకున్నారు అని గుర్తు చేసింది. నిజమే, ఆవిడ చేతిలోంచే తీసుకున్నాడు. చూశాడు కూడా. చూసి, ఏమీ కనిపించలేదు.

ఎలా కనిపిస్తుంది మరి. ఆ ఇంట్లో ఫ్రిజ్‌కి బొట్టుంది, వాషింగ్ మెషిన్‌కి ఉంది, మిక్సీకి ఉంది, దీక్షిత లెక్కల కాలిక్యులేటర్‌కి ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ని ఆరేళ్ళు బొట్టుతోనే మీటింగులకు మోశాడు. పాతికేళ్ళ కాపురంలో బొట్టు అతని కంటికి వస్తువులో ఒక భాగమైపోయింది. ఇన్నాళ్ళూ చెట్టుకి సామిని తెచ్చిపెట్టిన వాళ్ళెవరా అని తిట్టుకున్నాడు కదా, ఆ తెచ్చిపెట్టినవాడు తనే.

సుధామణికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఆవిడ చాలాసేపు నవ్వి, తర్వాత లెక్కల టీచరు గొంతుతో నియమం నియమమే అంది. ఇంకా నాలుగు రోజులున్నాయి, ఎవరైనా వచ్చి ముద్ర వేస్తే పెట్టె నిలుస్తుంది, లేకపోతే తియ్యాలి. క్వెక్‌ని శనివారం మళ్ళీ పంపిస్తానంది. అంటే ఈలోగా బొట్టు లేని కొత్త మూత పెట్టి, పెట్టెను పక్క చెట్టుకి జరిపితే సరిపోతుంది. ప్లాస్టిక్‌కి పట్టిన పసుపు ఎంత తోమినా పోదు గనక అలాంటి డబ్బాయే ఇంకోటి కొన్నాడు. దాని మూత వసుంధర కంటపడకుండా చొక్కా కింద దాచుకుని ఇల్లు దాటాడు. ఈసారి అతనికి తాడో పేడో తేల్చుకోవాలనే ఉంది.

అది ఎనభై ఎనిమిదో రోజు పొద్దున, ఎనిమిదిన్నర. ముసలావిడ అప్పటికే వచ్చి ఉంది. మడత కుర్చీ తెచ్చుకుంది. కృష్ణప్రసాద్ పది అడుగుల దూరంలో బెంచీ మీద కూర్చుని, ఆవిడ వెళ్ళాక పని కానిద్దామనుకున్నాడు. ఆవిడ వెళ్ళేలా లేదు. మాట్లాడుతోంది. ఎవరితోనా అని చూస్తే పెట్టెతో. నిన్న లిఫ్ట్ చెడిందట. మునిమనవడికి పరీక్షలట, వాడు చదవడట, ఫోను పట్టుకుంటాడట. చేపలు మునుపటి రుచి లేవట. అదంతా తెలుగులో, విజయనగరం వైపు యాసలో, మధ్యమధ్య తమిళం పెట్టి. అతనికి ఏదోలా అనిపించి సర్దుకు కూర్చున్నాడు. అప్పుడే వసుంధర ఫోన్ చేసింది, ఆఁ, ఇక్కడే ఉన్నా, వస్తా అన్నాడు. ముసలావిడ చటుక్కున తిరిగింది.

మనోళ్ళేనా నాయనా అని అడిగి, దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. పేరు వీరమ్మ. ఎనభై ఒకటి. పుట్టింది ఇక్కడే, బతుకంతా హౌగాంగ్‌లో గడిచింది. భర్త రామయ్య పోయాక, రెండేళ్ళ కిందట మనవరాలు తన దగ్గరికి, ఇదిగో ఈ పదకొండో అంతస్తుకి తెచ్చుకుంది. మంచి పిల్లే. కానీ పొద్దున్నే అందరూ పనులకీ బళ్ళకీ పోతారు. ఇక్కడ తెలిసినవాళ్ళు లేరు. లిటిల్ ఇండియా కోవెలకు వెళ్ళాలంటే ట్రైన్ మారాలి, మోకాళ్ళు ఒప్పవు. ఏడాదిన్నర కిటికీ దగ్గర కూర్చుని కిందికి చూడటంతోనే సరిపోయింది. అలాంటిది ఒక రోజు మనవరాలు బలవంతాన ఇటు నడిపిస్తే పసుపూ కుంకుమా కనిపించాయి. మనోళ్ళెవరో ఇక్కడ ఉన్నారు, మన సామిని పెట్టుకున్నారు అనుకుందట. మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే లిఫ్ట్ దిగి రావడం మొదలుపెట్టింది. ఇదంతా చెప్పి, మకాన్ అయిందా నాయనా అని తిండి సంగతి అడిగి, ఆవిడ పెట్టె వైపు చూసింది.

"లోపల ఏ సామో నాకు తెలీదు. మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. చదువుకున్నోడివి, నువ్వు చూసి చెప్పు. పేరు తెలీకుండా ఎన్నాళ్ళని పిలవను?"

కృష్ణప్రసాద్‌కి చొక్కా కింద కొత్త మూత పొట్టకి గుచ్చుకుంటోంది. ఏదో ఒక సామి పేరు చెప్పి లేచిపోవచ్చు. అప్పుడు పెట్టె ఈవిడదైపోతుంది, తన తొంభై రోజులూ గంగలో కలుస్తాయి. నిజం చెప్పి మూత మార్చుకోవచ్చు. అప్పుడు ఈవిడ లిఫ్ట్ దిగడానికున్న ఒక్క సాకూ పోతుంది. ఇదీ బాగా లేదు, అదీ బాగా లేదు. ఇంతలో ఆవిడ తనే వంగి, రెండు చేతులా పెట్టె తీసి, భద్రంగా అతని ఒళ్ళో పెట్టింది. ఆ పెట్టిన తీరు చూశాక అబద్ధం చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. క్లిప్పులు తీశాడు.

"సామి ఎవరూ లేరమ్మా. ఇది నేను పెట్టిన పెట్టె."

వీరమ్మ పుస్తకాన్ని చూసింది, ఇంకు ప్యాడ్‌ని చూసింది. నీటికుక్క ముద్రను వేళ్ళతో తడిమి పక్కన పెట్టింది. ఆవిడ మొహంలో వెలుగు పోవడం అతనికి స్పష్టంగా కనిపించింది. మరి బొట్టు ఎవరు పెట్టారని అడిగింది. మా ఆవిడ, కొత్త వస్తువు ఏది చూసినా పెడుతుంది అన్నాడు. ఆవిడ తలాడించింది. ఆ ఒక్క సంగతి ఆవిడకు అర్థం కావడానికి కష్టమేమీ కాలేదు. అయితే ఇన్నాళ్ళూ నేను దణ్ణం పెట్టుకుంది డబ్బాకా అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బాగుండునని అతనికి అనిపించింది.

సిగ్గుతో చచ్చిపోతూ అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఆట సంగతి చెబుదామని మొదలుపెట్టి బ్యాంకు సంగతి చెప్పాడు. మెడలో కార్డు తీసుకున్న సాయంత్రం ట్రైన్‌లో మూడు స్టేషన్లు దాటిపోయేదాకా దిగడం మర్చిపోయిన సంగతి చెప్పాడు. వసుంధరకి కూడా చెప్పని మాట అది. జవాబు రాని అప్లికేషన్ల గురించి చెప్పాడు. ఎవరైనా వస్తారని పెట్టానమ్మా, రేపో మాపో తీసేస్తాను, ఎనభై ఎనిమిది రోజుల్లో ఒక్కరూ రాలేదు అని ముగించాడు.

"ఒక్కరూ రాకపోవడమేంటి?" అంది వీరమ్మ. "నేనొచ్చాను కదా."

కృష్ణప్రసాద్ తలెత్తాడు. ఆవిడ వేళాకోళం ఆడటం లేదు. వచ్చినోళ్ళు ఏం చెయ్యాలో చెప్పమంది. వచ్చినట్టు వాళ్ళ సొంత గుర్తు ఈ పుస్తకంలో వెయ్యాలని చెప్పాడు. నా దగ్గర ముద్ర ఎక్కడిది అని ఆవిడ చేతులు చూసుకుని, తనే బొటనవేలు చాపింది. అతను ప్యాడ్ మూత తీసి పట్టుకున్నాడు. ఆవిడ వేలు ఆకుపచ్చ సిరాలో అద్ది, మొదటి పేజీ మధ్యలో పెట్టి, గట్టిగా నొక్కి, మెల్లగా తీసింది. ఎనభై ఏళ్ళ వేలు, గీతలన్నీ అరిగి, అక్కడక్కడ తెగి పడ్డాయి. అంత అందమైన ముద్ర ఆ ఏడుగురిలో ఎవరి దగ్గరా లేదని అతను అనుకున్నాడు. ముక్కు ఎగపీల్చి, కింద తేదీ వేసి, పుస్తకం మూయబోయాడు.

వీరమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు నాయనా. అది ఇవాళ్టిది. నేను రోజూ వచ్చాను. వాన పడ్డ రెండు రోజులు తప్పిస్తే."

అని మళ్ళీ వేలు సిరాలో అద్దింది. కృష్ణప్రసాద్ పుస్తకం జారకుండా రెండు చేతులా పట్టుకుని, పేజీ నిండినప్పుడల్లా తిప్పుతూ కూర్చున్నాడు.